ఆకురాయిని పైకీ కిందికీ ఆడించే మర: క్రాంక్ పెట్టాలా, స్కాచ్ యోక్ పెట్టాలా?

#1 | దిమ్మె

అందరికీ నమస్కారం. బల్ల మీద పెట్టుకునే ఫైలింగ్ మెషీన్ ఒకటి సొంతంగా తయారు చేద్దామని ఉంది. మధ్యలో కంత ఉన్న టేబుల్, ఆ కంతలోంచి నిటారుగా నిలబడి పైకీ కిందికీ ఆడే ఆకురాయి, అడుగున మోటారు. డై పని చేసేవాళ్ళు చూసే ఉంటారు. 6 నుంచి 8 మి.మీ. మందం ఉక్కు పలకల్లో చదరపు కంతలు, కీ గాడులు, వంకర అంచులు గీతకు సరిగ్గా తేవాలి. చేత్తో ఎంత జాగ్రత్తగా పట్టినా ఆకురాయి ఊగుతుంది, అంచు గుండ్రంగా పోతుంది. అది నన్ను చాలా బాధపెడుతోంది.

నా దగ్గర పావు హార్స్ పవర్ మోటారు ఉంది, నిమిషానికి 1440 చుట్లు. స్ట్రోక్, అంటే ఒక కొస నుంచి ఇంకో కొసకు ఆడే దూరం, 25 మి.మీ. చాలనుకుంటున్నాను. ఇక తిరుగుడును ఆడుడుగా మార్చడమెలా అన్నదే తేలడం లేదు. జిగ్‌సాలో (చేత్తో పట్టే ఎలక్ట్రిక్ రంపం) ఒక ఏర్పాటు, హ్యాక్సా మెషీన్‌లో ఒకటి, షేపర్‌లో (లోహాన్ని చదునుగా చెక్కే మర) మరొకటి కనిపిస్తాయి. ఏది దేనికి, ఎందుకు? వీలైతే అదే మెషీన్‌లో రంపం బ్లేడు కూడా బిగించాలని ఆశ.

#2 | కొలబద్ద

ముందు లెక్కలు చూద్దాం, అప్పుడు సగం టెన్షన్ పోతుంది.

క్రాంక్ అంటే మధ్య నుంచి జరిపిన పిన్ ఉన్న తిరిగే చక్రం, ఆ పిన్‌ను ఆడే కడ్డీకి కలిపేది కనెక్టింగ్ రాడ్. ఈ ఏర్పాటులో స్ట్రోక్ అంటే క్రాంక్ పిన్ దూరానికి రెండింతలు. మీకు 25 మి.మీ. కావాలి కాబట్టి పిన్ మధ్య నుంచి 12.5 మి.మీ. దూరంలో ఉండాలి. స్కాచ్ యోక్‌కీ ఇదే లెక్క. తేడా కదలిక తీరులో ఉంది. యోక్‌లో రాడ్ ఉండదు, పిన్ ఆడే కడ్డీకే ఉన్న ఒక అడ్డ గాడిలో జారుతుంది కాబట్టి కదలిక రెండు చివర్లా ఒకేలా, నికరమైన సైన్ అలలా ఉంటుంది. రాడ్ పెడితే అలా ఉండదు. రాడ్ పొడవు క్రాంక్‌కు నాలుగింతలు అనుకోండి. రాడ్ క్రాంక్‌కు దూరంగా చాచుకున్న చివర త్వరణం యోక్ కంటే పాతిక శాతం ఎక్కువ, రెండో చివర పాతిక శాతం తక్కువ. రాడ్ పొడవు పెంచేకొద్దీ ఈ తేడా తగ్గుతూ పోతుంది. రాడ్ అనంతమైన పొడవుంటే వచ్చే కదలికే స్కాచ్ యోక్ కదలిక.

ఇక వేగం. నిమిషానికి 300 స్ట్రోకులు, 25 మి.మీ. అంటే సగటు వేగం నిమిషానికి 15 మీటర్లు. త్వరణం ఎంత పెరిగినా సెకండు సెకండుకు సుమారు 12.3 మీటర్లు, అంటే భూమ్యాకర్షణ కంటే కాస్త ఎక్కువ. కదిలే భాగాలన్నీ కలిపి కిలో బరువున్నా జడత్వం వల్ల వచ్చే బలం 12 న్యూటన్లు దాటదు. అదే స్ట్రోక్‌తో జిగ్‌సా లాగా నిమిషానికి 3000 నడిపితే త్వరణం 1230 అవుతుంది. వేగం పదింతలైతే బలం నూరింతలు. కేవలం 150 గ్రాముల భాగాన్ని ఆడించడానికే 185 న్యూటన్లు కావాలి. అందుకే జిగ్‌సా లోపల అంత తంటా పడతారు. మీ మెషీన్‌కు ఆ బాధ లేదు.

#3 | ఇరుసు

దిమ్మె గారూ, మీ ప్రశ్న క్రాంక్ దగ్గర మొదలైంది. నేనైతే గైడ్ దగ్గర మొదలుపెట్టమంటాను. ఆకురాయి నిటారుగా ఆడుతుందా లేదా అన్నది క్రాంక్ చేతిలో లేదు, దాన్ని పట్టుకున్న కడ్డీ ఎంత గట్టి దారిలో జారుతోందన్న దాంట్లో ఉంది. తోసే ఏర్పాటు ఏదైనా ఆకురాయికి తెలిసేది మూడే: ఎంత దూరం, ఎంత వేగం, పక్కకు ఎంత తోపు.

ఆ పక్క తోపే అసలు సంగతి. రాడ్ క్రాంక్‌కు నాలుగింతలుంటే నడిమి స్ట్రోక్‌లో అది 14.5 డిగ్రీలు వాలుతుంది. అప్పుడు తోపులో పావు వంతు పక్కకు పోతుంది. ఒక సగం చుట్టులో ఎడమకు, ఇంకో సగంలో కుడికి. గైడ్‌లో వదులు ఎంత ఉంటే ఆకురాయి అంత ఊగుతుంది. చేత్తో వచ్చే తప్పునే మోటారు పెట్టి చేసినట్టవుతుంది.

#4 | నిలువుగాడి

అందుకే స్కాచ్ యోక్ పెట్టమనేది. అందులో పక్క తోపు లేదు కదా. గాడి అడ్డంగా ఉంటుంది, పిన్ నిలువుగానే తోస్తుంది.

#5 | ఇరుసు

> అందులో పక్క తోపు లేదు కదా

చాలామంది ఇలాగే చెబుతారు, కానీ మెలి ఉంది. స్ట్రోక్ నడుమ ఉన్నప్పుడు పిన్ కడ్డీ మధ్య గీత మీద ఉండదు, 12.5 మి.మీ. పక్కన ఉంటుంది. అక్కడినుంచి తోస్తే యోక్ వాలాలని చూస్తుంది. కోత బలం ఎక్కువగా పడేది కూడా ఆ నడుమే. పిన్‌కీ గాడికీ మధ్య రాపిడి కూడా దీనికి కలుస్తుంది.

దీనికి మందు ఉంది. యోక్‌కు పైన ఒక బుష్ (కడ్డీ జారే గొట్టం లాంటి బేరింగ్), కింద ఒక బుష్ పెట్టి, రెంటి నడుమ దూరం ఎక్కువ ఉంచండి. 100 మి.మీ. ఎడం ఉంటే ఒక్కో బుష్ మీద పడే పక్క బలం తోపులో ఎనిమిదో వంతుకు మించదు, రాపిడి సంగతి వేరే. రాడ్ పద్ధతిలో కడ్డీకి ఒకవైపే బుష్‌లు పెట్టే వీలుంటుంది, ఎందుకంటే కింద రాడ్ ఊగడానికి చోటు కావాలి. ఎత్తు కలిసిరాని చోట యోక్ గెలిచేది ఇక్కడ.

ఇంకొకటి. గుండ్రటి కడ్డీ గుండ్రటి బుష్‌లో జారుతూనే తనలో తాను తిరగగలదు. యోక్ గాడి దాన్ని ఆపదు. చదరపు ఆకురాయి ఒక్క డిగ్రీ తిరిగినా కంత మూల చెడిపోతుంది. పక్కన రెండో సన్న కడ్డీ గానీ, కీ గానీ, చదరపు గైడ్ గానీ పెట్టి ఆ తిరుగుడును ఆపాలి. ఇది మరిచిపోయిన డిజైన్లు చాలానే కనిపిస్తాయి.

#6 | నిలువుగాడి

సరే, ఆ మెలి ఉందని ఒప్పుకుంటాను. అయినా నా ఓటు యోక్‌కే. అయితే గాడిలో ఏం పెట్టాలన్నది కూడా చెప్పుకోవాలి. పిన్ మీద చిన్న బాల్ బేరింగ్ ఎక్కించి గాడిలో వదలడం తేలిక. కానీ బేరింగ్ గాడి రెండు గోడలనూ ఒకేసారి తాకితే దొర్లలేదు, రాసుకుంటుంది. కాబట్టి కొంచెం ఖాళీ ఉంచాలి. ఖాళీ ఉంటే ప్రతి స్ట్రోక్ చివరా అది ఒక గోడ వదిలి రెండో గోడకు తగులుతుంది. ఆ క్షణంలో తిరిగే దిక్కు కూడా మార్చుకోవాలి. 'టక్ టక్' మనే చప్పుడు అదే, గాడి అరుగుదల మొదలయ్యేదీ అక్కడే.

కంచు దిమ్మె పెడితే మేలు. మధ్యలో పిన్‌కు రంధ్రం, రెండు పక్కలా చదునైన ముఖాలు. బలం గీత మీద కాకుండా ముఖం మొత్తం మీద పడుతుంది, నూనె నిలుస్తుంది. మీ 300 స్ట్రోకుల వేగానికి కంచు దిమ్మె ఏళ్ళ తరబడి నడుస్తుంది.

#7 | వడ్రంగిపిట్ట

జిగ్‌సా మాట వచ్చింది కాబట్టి నేనూ కలుగజేసుకుంటాను. నాకు ఈ పనిముట్టంటే ప్రాణం. 1946లో స్విట్జర్లాండ్‌లో స్కింటిల్లా కంపెనీలో పనిచేసే ఆల్బర్ట్ కౌఫ్‌మన్ కుట్టుమిషన్‌లో సూది తీసేసి అక్కడ రంపం బ్లేడు బిగించి చూశాడట. చేతిలో పట్టుకునే ఎలక్ట్రిక్ జిగ్‌సా అలా పుట్టింది. కుట్టుమిషన్ సూది కూడా తిరిగే ఇరుసు నుంచి నిలువు ఆటను తీసుకునేదే కదా, ఏర్పాటంతా ముందే సిద్ధంగా ఉంది.

ఇప్పటి జిగ్‌సా విప్పితే మోటారు ఇరుసు మీది చిన్న పళ్ళ చక్రం ఒక పెద్ద చక్రాన్ని తిప్పుతుంది. ఆ పెద్ద చక్రం మీద మధ్య నుంచి జరిపిన పిన్, ఆ పిన్ బ్లేడు కడ్డీకి ఉన్న అడ్డ గాడిలో. అచ్చంగా స్కాచ్ యోకే. మంచి రకాల్లో అదే చక్రం వెనక ఇంకో ఎక్సెంట్రిక్ (మధ్య తప్పించి బిగించిన చక్రం) ఉంటుంది, అది ఒక బరువైన రేకును బ్లేడుకు సరిగ్గా ఎదురు దిక్కులో ఆడిస్తుంది. బ్లేడు పైకి పోతే బరువు కిందికి. కొలబద్ద గారు చెప్పిన ఆ 185 న్యూటన్లను చేతికి తగలకుండా ఆపేది అదే.

తిరిగే చక్రానికి ఒకవైపు బరువు అతికించి సరిపెట్టలేమా అని అడుగుతారు. పూర్తిగా కుదరదు. చక్రం మీది బరువు నిలువు అదురును తగ్గించినంతా పక్క అదురును కొత్తగా పుట్టిస్తుంది. అందుకే సాధారణంగా సగం వరకే సరిపెట్టి ఊరుకుంటారు. నిలువు అదురుకు నిలువుగా ఆడే ఎదురు బరువే మందు. కంచె మొక్కలు కత్తిరించే ట్రిమ్మర్ చూడండి, అక్కడ విడిగా బరువు అక్కర్లేదు. రెండు బ్లేడులను 180 డిగ్రీల తేడాతో రెండు ఎక్సెంట్రిక్‌లు ఎదురెదురుగా ఆడిస్తాయి. కత్తిరింపూ అదే, బ్యాలెన్సూ అదే. ఎంత చక్కని ఏర్పాటో!

#8 | దిమ్మె

అందరికీ ధన్యవాదాలు. ఇంత వివరంగా చెబుతారనుకోలేదు. గైడ్ మాట మనసులో నాటుకుంది. 20 మి.మీ. గ్రౌండ్ కడ్డీ, రెండు కంచు బుష్‌లు, పక్కన తిరగకుండా ఆపే సన్న కడ్డీ. ఇంతవరకు ఖాయం.

ఇక ఆకురాయి. మామూలు చేతి ఆకురాయినే తోక వైపు కిందికి పెట్టి బిగించవచ్చా?

#9 | రజను

ఆగండి, ఇదే ముఖ్యమైన ప్రశ్న. అలా బిగించకండి.

చేతి ఆకురాయి తోసినప్పుడు కోస్తుంది, లాగినప్పుడు కాదు. అంటే పళ్ళ కొనలు తోక నుంచి దూరంగా, మొన వైపు చూస్తుంటాయి. తోకను టేబుల్ కింద పట్టి నిలబెడితే పళ్ళు పైకి చూస్తాయి. కోత పై స్ట్రోక్‌లో పడుతుంది. అప్పుడు ప్రతి స్ట్రోక్‌కూ పలక టేబుల్ మీంచి లేస్తుంది, ధడాలున మళ్ళీ పడుతుంది. వేళ్ళకు ప్రమాదం, ఆకురాయి విరుగుతుంది, గీత చెడుతుంది.

ఫైలింగ్ మెషీన్ల కోసం చేసే ఆకురాళ్ళకు పళ్ళు కిందికి, పట్టు వైపు చూస్తుంటాయి. కోత కింది స్ట్రోక్‌లో. కోత బలమే పలకను టేబుల్‌కు అదిమి పెడుతుంది. చేత్తో మెల్లగా నెట్టడం తప్ప ఇంకేం చెయ్యక్కర్లేదు. అవి దొరక్కపోతే చేతి ఆకురాయిని తలకిందులు చేసి మొన వైపు పట్టించాలి. మొన సన్నబడి ఉంటే దాన్ని చదును చేసి చిన్న గొట్టంలో బిగించాలి. గ్రైండర్ మీద ఆకురాయిని వేడెక్కనివ్వకండి, పదును దిగిపోతుంది. మాటిమాటికీ నీళ్ళలో ముంచాలి.

టేబుల్ మీద ఎలాగూ ఒక నొక్కు వేలు కావాలి. పక్క నుంచి వంగి వచ్చే కడ్డీ, చివర పలకను తాకే చిన్న కాలు. పళ్ళు కిందికే కోసినా, పైకి వెళ్ళేటప్పుడు రజను ఇరుక్కుని ఆకురాయి పలకను ఎత్తడానికి చూస్తుంది.

#10 | రజను

ఇంకో మాట రాయడం మిగిలింది, వేగం. చేత్తో ఫైల్ చేసేవాళ్ళు నిమిషానికి 40 నుంచి 60 స్ట్రోకులు వేస్తారు, అవి పొడవైన స్ట్రోకులు. మెషీన్‌లో స్ట్రోక్ చిన్నది కాబట్టి నిమిషానికి 300 వరకు మెత్తని ఉక్కుకు నడపవచ్చు. గట్టి ఉక్కుకు 200కు దించండి. కొలబద్ద గారు చెప్పిన నిమిషానికి 15 మీటర్ల లెక్కలో సగమే కోత, సగం తిరుగు ప్రయాణం. వేగం పెంచితే పని త్వరగా అవుతుందనిపిస్తుంది గానీ ఉక్కు మీద పళ్ళు వేడెక్కి మొద్దుబారతాయి. ఒకసారి మొద్దుబారిన ఆకురాయి మెరుపు తెస్తుంది తప్ప లోహాన్ని తియ్యదు. రెండు మూడు మెట్ల పుల్లీ పెట్టుకోండి.

అల్యూమినియం అయితే పళ్ళ మధ్య ఇరుక్కుంటుంది. ముందే సుద్ద రుద్దండి, తీగ బ్రష్‌తో పళ్ళు సాగిన దిక్కులో గీకండి.

#11 | కొలబద్ద

పుల్లీ లెక్క: 1440ను 300కు దించాలంటే నిష్పత్తి 4.8. మోటారుకు 50 మి.మీ. పుల్లీ, ఇరుసుకు 240 మి.మీ. పుల్లీ. ఆ పెద్ద పుల్లీ పోత ఇనుముదైతే అదే ఫ్లైవీల్‌గా కూడా పనికొస్తుంది. యోక్‌లోనూ రాడ్‌లోనూ రెండు చివర్లా వేగం సున్నా అవుతుంది, నడుమ ఎక్కువవుతుంది. మోటారు మీద బరువు కూడా అలాగే పడుతూ లేస్తూ ఉంటుంది. ఆ ఎగుడుదిగుడును ఫ్లైవీల్ మింగేస్తుంది.

రజను గారు సగం స్ట్రోక్ వృథా అన్నారు కాబట్టి ఒక ఆలోచన. షేపర్‌లో ఉండే క్విక్ రిటర్న్ పెడితే? క్రాంక్ పిన్ ఒక ఊగే మీట గాడిలో జారుతుంది, మీట తల ర్యామ్‌ను (కోత పనిముట్టును మోసే భాగాన్ని) తోస్తుంది. క్రాంక్ పొడవు, ఇరుసుల మధ్య దూరంలో సగం ఉంటే కోతకు 240 డిగ్రీలు, తిరుగుకు 120 డిగ్రీలు పడుతుంది. అంటే 2:1. అదే 300 చుట్లలో కోత నెమ్మదిగా, తిరుగు వేగంగా అవుతుంది.

#12 | ఇరుసు

పెద్ద షేపర్‌కు అది ప్రాణం. 1836లో నాస్మిత్ చేసిన షేపర్ నుంచి ఇప్పటివరకు ఆ జాతి మెషీన్లలో స్ట్రోక్ పొడవు, తిరుగు ప్రయాణానికి పట్టే కాలం నిజంగా వృథా. 25 మి.మీ. ఆకురాయికి మాత్రం వద్దంటాను. కీళ్ళు పెరుగుతాయి, ప్రతి కీలూ ఒక వదులు. మిగిలేది కూడా సెకండులో పదో వంతు కంటే తక్కువ. ఆ శ్రమంతా గైడ్ మీద పెట్టండి.

తిరుగు స్ట్రోక్ గురించి ఆలోచించాల్సింది కాలం సంగతి కాదు, రాపిడి సంగతి. పళ్ళు వెనక్కి వెళ్ళేటప్పుడు లోహం మీద రాసుకుంటూ పోతే కొనలు అరుగుతాయి. పవర్ హ్యాక్సా చూడండి, కోసేటప్పుడు బ్లేడు మీద బరువు పడుతుంది, తిరిగేటప్పుడు క్యామ్ గానీ ఆయిల్ ప్రెషర్ గానీ ఫ్రేమును కొద్దిగా ఎత్తుతుంది. వడ్రంగిపిట్ట గారి జిగ్‌సాలో ఆర్బిటల్ మీట ఉంది కదా, అది కూడా ఈ కుటుంబమే.

#13 | వడ్రంగిపిట్ట

అవును. బ్లేడు వెనక ఒక చిన్న రోలర్ ఉంటుంది. అది ఒక ఫోర్క్ చివర ఉంటుంది. బ్లేడు పైకి కోస్తున్నప్పుడు ఫోర్క్ రోలర్‌ను ముందుకు నెట్టి బ్లేడును చెక్కలోకి తోస్తుంది, కిందికి దిగేటప్పుడు వదిలేస్తుంది. చాలావాటిలో దీనికి సున్నా నుంచి మూడు వరకు మెట్లు ఉంటాయి. మెత్తని చెక్కకు ఎక్కువ మెట్టు, లోహానికి సున్నా. లోహంలో పన్ను అంత లోతుగా దిగితే విరిగిపోతుంది.

ఫైలింగ్ మెషీన్‌లో దీన్ని తిరగేసి వాడవచ్చు. కొన్ని పాత మెషీన్లలో పై స్ట్రోక్‌లో ఆకురాయి పని నుంచి వెంట్రుకవాసి వెనక్కి తప్పుకునే ఏర్పాటు ఉండేది.

#14 | రజను

ఉండేది, పనిచేస్తుంది కూడా. కానీ దిమ్మె గారి మొదటి మెషీన్‌కు అది లేకపోయినా ఫర్వాలేదు. పవర్ హ్యాక్సాలో బరువు దానంతట అదే బ్లేడు మీద కూర్చుంటుంది కాబట్టి ఎత్తక తప్పదు. ఇక్కడ నెట్టేది మన చెయ్యి. మెల్లగా నెడితే తిరుగు స్ట్రోక్‌లో రాపిడి తక్కువే. గట్టిగా నెట్టేవాళ్ళ ఆకురాళ్ళే త్వరగా పోతాయి. పైగా తప్పుకునే ఏర్పాటు పెట్టాలంటే గైడ్ మొత్తాన్ని కీలు మీద నిలపాలి. ఇరుసు గారు ఇంతసేపూ పోరాడుతున్నది ఆ గైడ్ కదలకూడదనే కదా.

#15 | నీటిమర

మంచి చర్చ. కొంచెం వెనక్కి తీసుకువెళ్తాను, ఎందుకంటే తిరుగుడును ఆడుడుగా మార్చే రెండు దారులు చాలా పాతవి.

ఇప్పటి తుర్కియేలోని హియరాపోలిస్‌లో క్రీ.శ. 3వ శతాబ్దపు రాతి సమాధి పెట్టె మీద ఒక చెక్కడం ఉంది. నీటి చక్రం, దాని నుంచి పళ్ళ చక్రం, దానికి క్రాంక్, క్రాంక్ నుంచి రాడ్‌లు, వాటి చివర రాళ్ళను కోస్తున్న రెండు రంపాలు. క్రాంకూ రాడూ కలిసి పనిచేస్తున్నట్టు మనకు దొరికిన అత్యంత పాత ఆధారం అదే. అంటే ఈ జంట మొదట కనబడింది రంపం దగ్గర. ఆవిరి యంత్రం దగ్గరికి వచ్చింది ఎన్నో శతాబ్దాల తర్వాత.

రెండో దారి స్ప్రింగు. 13వ శతాబ్దంలో ఫ్రాన్స్‌కు చెందిన విల్లార్ ద ఆనెకూర్ గీసిన నీటి రంపం బొమ్మలో చక్రం ఇరుసు మీది పొడుచుకొచ్చిన కొయ్యలు రంపాన్ని కిందికి లాగుతాయి, పైన వంచి కట్టిన సన్నటి చెట్టుకాండం దాన్ని మళ్ళీ పైకి లాగుతుంది. ఒకవైపే తోసి, రెండోవైపు స్ప్రింగుకు వదిలేయడం. 1594లో నెదర్లాండ్స్‌లో కార్నెలిస్ కార్నెలిస్‌జూన్ గాలిమరకు క్రాంక్ బిగించి దుంగలు కోసినప్పుడు రెండు దిక్కులా తోపు చక్రం నుంచే వచ్చింది.

#16 | నిలువుగాడి

నీటిమర గారు చెప్పిన స్ప్రింగు పద్ధతి చాలా కాలం బతికింది. పాత స్క్రోల్ సాలలో (సన్న బ్లేడుతో వంకర గీతలు కోసే బల్ల రంపాలు) బ్లేడు కింది కొసను క్రాంక్ లాగుతుంది, పైకొసను స్ప్రింగు పట్టి ఉంచుతుంది. నెమ్మదిగా నడిపినంతసేపు బాగుంటుంది. వేగం పెంచితే పైనున్న పట్టును అంత త్వరగా పైకి లాగే సత్తువ స్ప్రింగుకు ఉండదు, బ్లేడు ఒక క్షణం వదులై మళ్ళీ బిగుస్తుంది. బ్లేడు విరిగేది ఆ క్షణంలోనే. తర్వాత వచ్చిన ప్యారలల్ ఆర్మ్ రకాల్లో పై చెయ్యీ కింది చెయ్యీ కలిసి ఊగుతాయి కాబట్టి టెన్షన్ స్ట్రోక్ అంతటా ఒకేలా ఉంటుంది.

దిమ్మె గారి రెండో ఆశకు ఇది జవాబు. ఆకురాయి మందం, ఒకవైపు పట్టుకున్నా నిలబడుతుంది. స్క్రోల్ సా బ్లేడు పల్చన, రెండు కొసలా లాగి పట్టుకోకపోతే నిలవదు. మీ మెషీన్‌లో పైచెయ్యి లేకుండా వాడాలంటే జిగ్‌సా బ్లేడు లాంటి వెడల్పాటి, ఒక కొస పట్టే బ్లేడులే వాడాలి. మామూలు జిగ్‌సా బ్లేడు పళ్ళు పట్టు వైపు చూస్తాయి, కాబట్టి పట్టు కింద బిగిస్తే అవి కూడా ఆకురాయిలాగే కిందికి కోస్తాయి. జిగ్‌సాలో కిందికి కోసేలా చేసిన ఎదురు పళ్ళ బ్లేడులు కూడా ఉన్నాయి, ఇక్కడ అవి పైకి కోస్తాయి కాబట్టి అవి వద్దు.

#17 | చక్రవాకం

ఆలస్యంగా వచ్చాను. నా దగ్గర కాలిపోయిన రెసిప్రొకేటింగ్ సా (ముందుకూ వెనక్కూ ఆడే చేతి రంపం) ఒకటి ఉంది, అందులో గేర్‌బాక్స్ బాగానే ఉంది. వాబుల్ బేరింగ్ రకం. దాన్ని తీసి వాడుకోకూడదా?

#18 | ఇరుసు

వాడవచ్చు. తెలియనివాళ్ళ కోసం: ఇరుసు మీద వాలుగా కోసిన స్లీవ్, దాని మీద బాల్ బేరింగ్, బేరింగ్ బయటి రింగుకు ఒక చెయ్యి. ఇరుసు తిరుగుతుంటే రింగు తిరగదు, అటూ ఇటూ వాలుతుంది, చెయ్యి చివర ముందుకూ వెనక్కూ ఆడుతుంది. వాలు ఎంత ఎక్కువుంటే, చెయ్యి ఎంత పొడవుంటే స్ట్రోక్ అంత ఎక్కువ. మోటారు ఇరుసూ స్ట్రోకూ ఒకే వైపు సాగుతాయి కాబట్టి పనిముట్టు సన్నగా, పొడవుగా వస్తుంది. రోటరీ హ్యామర్లలోనూ ఇదే ఉంటుంది.

బల్ల మీది మెషీన్‌కు ఆ సన్నదనం అవసరం లేదు. పైగా చెయ్యి కొస వంపులో తిరుగుతుంది, నేరుగా కాదు, కాబట్టి కడ్డీతో కలిసే చోట వదులు ఉంచి తీరాలి. గేర్‌బాక్స్ చేతిలో ఉంది కాబట్టి వాడతానంటే సరే, గైడ్ మాత్రం కొత్తది చెయ్యండి. రంపం కోసం చేసిన ఆ గైడ్ ఆకురాయికి కావలసినంత నికరంగా ఉండదు.

#19 | కొలబద్ద

పక్క తోపును మొదలంటా తీసేసే ఏర్పాటు ఒకటుంది, ఎవరూ ఇంకా చెప్పలేదు. లోపల పళ్ళున్న రింగు, అందులో దొర్లే సగం వ్యాసం చక్రం. ఆ చిన్న చక్రం అంచు మీది ఏ బిందువైనా నిటారైన గీత మీదే నడుస్తుంది. 13వ శతాబ్దంలో నసీరుద్దీన్ తూసీ గ్రహాల కదలికల కోసం చెప్పిన లెక్క ఇదే. 19వ శతాబ్దం మొదట్లో మాథ్యూ మర్రే దీన్ని ఆవిరి యంత్రాలలో వాడాడు. స్ట్రోక్ రింగు వ్యాసానికి సమానం. అంటే 25 మి.మీ. స్ట్రోక్‌కు 25 మి.మీ. పిచ్ వ్యాసమున్న రింగు చాలు.

#20 | ఇరుసు

చూడముచ్చటైన ఏర్పాటే. అయితే ఆ కొలతలో చిన్న చక్రం వ్యాసం 12.5 మి.మీ., తోపంతా దాని పళ్ళ మీదే. పళ్ళ మధ్య ఖాళీ ప్రతి చివరా టక్కుమంటుంది. గేర్లు కోసే సౌకర్యం ఉన్నవాళ్ళు చెయ్యవచ్చు.

#21 | వడ్రంగిపిట్ట

అయస్కాంతంతో, గాలితో ఆడేవాటి గురించి రెండు ముక్కలు. కరెంటు అయస్కాంతం సైకిల్‌కు రెండుసార్లు లాగుతుంది కాబట్టి 50 హెర్ట్జ్ సరఫరాలో స్ప్రింగు సెకండుకు 100 సార్లు ఆడుతుంది, నిమిషానికి 6000. ఆ వేగం మన చేతిలో ఉండదు. స్ప్రింగు ఆ ఆటకు శృతి చేసి ఉంటేనే స్ట్రోక్ వస్తుంది, పని మీద నొక్కితే తగ్గిపోతుంది. గాలితో నడిచే ఫైలు పని బాగా చేస్తుంది, కార్ల బాడీ పనివాళ్ళు వాడతారు, స్ట్రోక్ 10 మి.మీ. దరిదాపుల్లో ఉంటుంది. చప్పుడు ఎక్కువ. చేత్తో పట్టి వాడటానికి సరే, నిటారు అంచు కోసం కాదు.

కోణంలో ఊగే మల్టీటూల్ సంగతి వేరు. 1940ల్లో అమెరికా వైద్యుడు హోమర్ స్ట్రైకర్ రూపొందించిన, ప్లాస్టర్ కట్టు కోసే రంపం ఈ తరహాదే. బ్లేడు కొద్ది డిగ్రీలే ఊగుతుంది కాబట్టి గట్టి ప్లాస్టర్ తెగుతుంది, మెత్తని చర్మం దాంతోపాటే ఊగి తప్పించుకుంటుంది. స్ట్రోక్ పొడవే రక్షణ. నాకు ఈ రంగంలో అన్నిటికన్నా నచ్చిన ఆలోచన ఇది.

#22 | దిమ్మె

నిర్ణయించుకున్నాను. స్కాచ్ యోక్, కంచు దిమ్మె, 100 మి.మీ. ఎడంతో రెండు బుష్‌లు, తిరగకుండా పక్క కడ్డీ, 240 పుల్లీ, పళ్ళు కిందికి ఉన్న ఆకురాళ్ళు. తిరుగు స్ట్రోక్‌కు ప్రత్యేక ఏర్పాటేమీ వద్దు.

ఒక అనుమానం. టేబుల్ కంతలోంచి ఉక్కు రజనంతా సూటిగా పై బుష్ మీద పడుతుంది కదా. పెట్టిన శ్రమంతా రజను తినేయదా?

#23 | రజను

తినేస్తుంది, ఆపకపోతే. ఆకురాయి పట్టుకునే హోల్డర్ కింద కడ్డీకి ఒక గొడుగు లాంటి రేకు బిగించండి, బుష్ అంచు దాటి చుట్టూ కిందికి వంగి ఉండాలి. కడ్డీతోపాటే అది ఆడుతుంది, కాబట్టి కింది చివరలో కూడా బుష్‌కు తగలకుండా 25 మి.మీ. స్ట్రోక్‌కు పైన ఇంకాస్త చోటు వదలండి. బుష్ నెత్తి మీద నూనెలో నానబెట్టిన ఫెల్ట్ రింగు పెట్టండి, కడ్డీని ప్రతి స్ట్రోక్‌కూ తుడుస్తుంది. యోక్ ఉన్న పెట్టెకు మూత వేసి అడుగున నూనె పొయ్యండి. టేబుల్ కింద ఒక అయస్కాంతం అతికిస్తే చాలా రజను అక్కడే ఆగుతుంది, రోజూ తుడవాలి.

#24 | ఇరుసు

బుష్‌లు రెండింటినీ ఒకే బిగింపులో, ఒకే రీమర్‌తో బోర్ చెయ్యండి. విడివిడిగా చేసి తర్వాత కలిపితే కడ్డీ పట్టేస్తుంది. టేబుల్ బిగించే ముందు ఆకురాయి స్థానంలో నిటారైన గ్రౌండ్ పిన్ను పెట్టి, డయల్ గేజి ఆనించి, పుల్లీని చేత్తో ఒక చుట్టు తిప్పి చూడండి. సూది పైనా కిందా ఒకే చోట ఉండి నడుమ మాత్రం కదిలితే అది యోక్ మెలి, బుష్‌లో వదులు తగ్గించాలి. పై నుంచి కిందికి ఒకే తీరున జరుగుతూ పోతే హోల్డర్‌లో పిన్ను వాలి ఉంది. ముందు పిన్ను సరిచేసి మళ్ళీ తిప్పండి.